అరవడం రాని నన్ను ఇన్‌ఛార్జి హెచ్ఎంని చేశారు, ఏం చేయను?

ప్రశ్న:

నమస్తే అండీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని. చాలా ఏళ్లుగా ఇదే బడిలో ఉన్నాను. మా హెచ్ఎం గారు రిటైరయ్యారు, పోస్టు ఖాళీగా ఉంది. సీనియారిటీలో నేనే ముందున్నానని ఎఫ్ఏసీ (హెచ్ఎం పోస్టు పూర్తి అదనపు బాధ్యత) నాకిచ్చారు. క్లాసులు తగ్గలేదు, ఆఫీసు పని మాత్రం వచ్చి పడింది. పాత హెచ్ఎం గారు గేటు దగ్గర నిలబడితే చాలు, పిల్లలతో పాటు టీచర్లూ పరుగెత్తేవారు. నాది మొదటి నుంచీ మెతక స్వభావం. చార్జి తీసుకున్న రోజే స్టాఫ్ మీటింగులో ఉన్నమాట చెప్పేశాను. "నాకు ఆఫీసు పని ఏమీ రాదు, భయంగా ఉంది, మీరంతా సాయం చేయాలి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నెల తిరిగేసరికి ఎవరి దారి వారిదైంది.

మా ఫిజికల్ సైన్స్ సార్, నేనూ టౌన్ నుంచి ఒకే కారులో వస్తాం. ఇరవై ఏళ్ల స్నేహం. ఆయన యాప్‌లో ఫేస్ అటెండెన్స్ టైముకే వేస్తారు. ఆ తర్వాత ఫోన్ పట్టుకుని వేపచెట్టు కిందికి వెళ్తే ఫస్ట్ పీరియడ్ సగం అయిపోతుంది. ప్లాట్ల బేరాలు. టెన్త్ క్లాస్ గోల ఆఫీసు రూమ్ దాకా వినిపిస్తుంటే ఆగలేక నేనే వెళ్లి లెక్కలు చేయిస్తున్నాను. ఆయనకు చెప్పలేకపోతున్నాను.

"మేడమ్, మీరు కాస్త గట్టిగా ఉండాలి" అని అందరూ అంటుంటే ఒకరోజు ప్రయత్నించాను. హిందీ చెప్పడానికి టెంపరరీగా వచ్చిన అమ్మాయి ఐదు నిమిషాలు లేటైంది. ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందూ కేకలేశాను. ఆ అమ్మాయి ఏడ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి పంపితే "మీరు మీలా ఉండండి, మీ జీవిత ధ్యేయం తెలుసుకోండి" అన్నారు. ఫారం ఇచ్చి ధ్యేయం రాయమంటే "విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి కృషి చేయడం" అని రాసిచ్చాను. నిజానికి నాకంత పెద్ద ధ్యేయాలేమీ లేవు. మా అక్కను బడి దూరమని ఏడో తరగతితో మాన్పించారు, నేను చదువుకున్నాను, అంతే. టీచరుగా చెప్పుకోదగ్గది ఒకటుంది. రెండు తండాల నుంచి వచ్చే ఆడపిల్లలు బస్సు టైము కుదరక బడి మానేస్తుంటే, డిపో మేనేజర్ దగ్గర సాయంత్రం దాకా కూర్చుని టైము మార్పించాను. అదీ పాత మాటే.

నేను నాలా ఉంటే బడి నడవదు. గట్టిగా ఉంటే అది నేను కాదు, నాటకం. ఎఫ్ఏసీ వదిలేద్దామంటే నా తర్వాత సీనియర్ ఆ సైన్స్ సారే. ఏం చేయమంటారు?

– పేరు వద్దు, ఉమ్మడి నల్గొండ జిల్లా

సమాధానం:

మేడమ్,

మీ ఉత్తరంలో రెండు సంగతులు పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి మీరు చూసుకున్నట్టు లేదు. ఐదు నిమిషాలు లేటైన టెంపరరీ టీచరు మీద పిల్లలందరి ముందూ కేకలేశారు. రోజూ సగం పీరియడ్ ఎగ్గొట్టే సీనియర్ సార్‌ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అరవడం మీ స్వభావం కాదు కాబట్టే ఆ రోజు అంత బాధ పడ్డానని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. తిరిగి ఒక్క మాట అనలేని మనిషి దగ్గర మీ గొంతు లేచింది, అనగలిగిన మనిషి దగ్గర లేవలేదు. నిజంగా మెతకవాళ్లయితే ఎదుట ఎవరున్నా మెతకగానే ఉంటారు. ఎదుటి మనిషిని బట్టి మారిపోయేదాన్ని స్వభావం అనలేం. అది భయం. చెడ్డదాన్ని అనిపించుకుంటానేమో, స్నేహం పోతుందేమో, కారులో పక్క సీటు ఖాళీ అవుతుందేమో అన్న భయం.

కటువుగా ఉంది కదూ. మీ ట్రైనింగ్‌లో 'తనను తాను తెలుసుకోవడం' అని చెప్పింది ఇలాంటి పనే. కాకపోతే అక్కడ దాన్ని కళ్లు మూసుకుని చేసే పనిలా చెబుతారు. నా బలాలు ఏమిటి, బలహీనతలు ఏమిటి, నేను సూర్యోదయాన్ని ఇష్టపడే మనిషినా కాదా అంటూ కాగితాలు నింపిస్తారు. అవన్నీ నింపాక మనిషికి తన మీద తనకు ముచ్చట పెరుగుతుందేమో గానీ, సోమవారం ఫస్ట్ పీరియడ్‌కు ఏమీ మారదు. మీ గురించి మీకు తెలియాల్సింది ఒక్కటే: ఎవరి దగ్గర, ఏ మాట దగ్గర మీరు పక్కకు తప్పుకుంటున్నారు?

దీనికో చిన్న పని చెబుతాను. మీరు 'సరేలే' అనే మాట ఎక్కువగా వాడతారని నా అనుమానం. ఓ రెండు వారాలు, సరేలే అన్నప్పుడల్లా సాయంత్రం నోటుబుక్కులో ఒక ముక్క రాసుకోండి. ఎవరితో అన్నారు, ఏ విషయంలో అన్నారు, అంతే. ఎందుకన్నానని మాత్రం తవ్వుకోవద్దు. అలా తవ్వడం మొదలుపెడితే చిన్నప్పుడు నాన్న కోపిష్టి కాబట్టి, మా ఇంట్లో ఆడపిల్లలు మాట్లాడకూడదు కాబట్టి అంటూ ఒక కథ తయారవుతుంది. ఆ కథ నిజమే కావచ్చు. కానీ కథ దొరికిందంటే మనిషి అక్కడే చతికిలబడతాడు. ఎప్పుడు, ఎవరితో అన్న లెక్క మాత్రం అబద్ధం చెప్పదు. మీరు లెక్కల టీచరు, మీకు నేను చెప్పాలా!

ఆ పుస్తకంలో సైన్స్ సార్ పేరే ఎక్కువసార్లు వస్తుందని మీకు ఇప్పుడే తెలిసిపోయి ఉంటుంది. బహుశా ఇంకో రెండు మూడు పేర్లు కూడా వస్తాయి. మధ్యాహ్న భోజనం ఏజెన్సీ వాళ్లతోనో, ఊళ్లో ఏ పెద్దమనిషితోనో సరేలే అంటూ ఉండి ఉంటారు. రానివ్వండి.

ఇక "మీరు మీలా ఉండండి" అన్న సలహా. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. అమెరికాలో పేస్‌మేకర్లు తయారుచేసే మెడ్‌ట్రానిక్ కంపెనీని 1991 నుంచి 2001 దాకా నడిపిన బిల్ జార్జ్, తర్వాత హార్వర్డ్‌లో పాఠాలు చెప్పాడు. ఆయన కంపెనీ వదిలిన రోజుల్లోనే అమెరికాలో 2001లో ఎన్రాన్, 2002లో వరల్డ్‌కామ్ అనే పెద్ద కంపెనీలు కుప్పకూలాయి. పెద్ద పెద్ద బాసులు దొంగ లెక్కలు రాయించారని బయటపడింది. ఆ వేడిలో ఆయన చెప్పిన మాట జనానికి ఎక్కింది. నాయకుడికి వేషం అక్కర్లేదు, తన బతుకు తనకు నేర్పిన విలువల మీద నిలబడాలి, అది మాటల్లో కాక చేతల్లో కనబడాలి అన్నాడాయన. మంచి మాటే. అది మన మండల స్థాయి ట్రైనింగ్ దాకా వచ్చేసరికి మధ్యలో అంతా రాలిపోయి "మీరు మీలా ఉండండి" అన్న తోక మిగిలింది.

ఆ తోకతో వచ్చే ముప్పు గురించి హెర్మీనియా ఇబారా అనే ప్రొఫెసర్ 2015లో రాసింది. పెద్ద బాధ్యతలోకి కొత్తగా వచ్చిన మనిషి, 'నేను ఇంతే, ఇదే నా అసలు రూపం' అని పట్టుకు కూర్చుంటే ఎదగడానికి దారి మూసుకుపోతుందని ఆవిడ వాదన. ఒక ఉదాహరణ కూడా ఇచ్చింది. ప్రమోషన్ వచ్చిన ఒక మేనేజరు, నిజాయితీగా ఉండాలన్న తాపత్రయంతో, ఈ పనంటే తనకు భయంగా ఉందని, మీ అందరి సాయం కావాలని కింద పనిచేసేవాళ్లకు చెప్పేసిందట. వాళ్లకు ఆవిడ మీద నమ్మకం పెరగాల్సింది పోయి తగ్గింది. వాళ్లు ఎదురుచూస్తున్నది బాధ్యత తీసుకునే మనిషి కోసం మరి.

మీ మొదటి స్టాఫ్ మీటింగ్ గుర్తొచ్చిందా? మీరు అబద్ధం చెప్పలేదు. కానీ ఉన్నమాటంతా ఒకేసారి, అందరి ముందూ, ఏ హద్దూ లేకుండా చెప్పేశారు. చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మందికి ఆ క్షణానే అర్థమైపోయింది, ఈ ఏడాది మనల్ని అడిగేవాళ్లు లేరని. దాన్ని ఇప్పటికైనా సరిచేయొచ్చు, పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. వచ్చే స్టాఫ్ మీటింగులో ఇలా చెప్పండి: "బిల్లులు, ఆన్‌లైన్ ఎంట్రీలు నాకు ఇంకా పట్టుబడలేదు. ఆ పనిలో ఫలానా సార్ నాతో పాటు కూర్చుంటారు. టైంటేబుల్, టెన్త్ క్లాస్, ఆడపిల్లల హాజరు, ఈ మూడూ నేను చూసుకుంటాను. వీటి గురించి ఏదైనా ఉంటే నన్నే అడగండి." రానిదాన్ని రాదని ఒప్పుకున్నట్టూ ఉంటుంది, కుర్చీలో మనిషి ఉందని తెలిసినట్టూ ఉంటుంది.

మీ గురించి మీకు కనిపించనిది వేరేవాళ్లకు కనిపిస్తుంటుంది. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు నాలుగు గళ్ల పటం ఒకటి గీసి, తమ పేర్లు కలిపి దానికి జోహారి విండో అని పేరు పెట్టారు. మీ ట్రైనింగ్‌లో స్లైడు వేసే ఉంటారు. అందులో మనకు పనికొచ్చేది ఒక్క గడి: ఎదుటివాళ్లకు తెలిసి మనకు తెలియనిది. అది తెలియాలంటే అడగాలి. స్టాఫ్‌రూమ్‌లో "నేనెలా చేస్తున్నాను?" అని అడిగితే "సూపర్ మేడమ్" అంటారు, దండగ. వంట చేసే ఆవిడను, అటెండరును, టెన్త్‌లో చివరి బెంచీ పిల్లను విడివిడిగా అడగండి. అది కూడా, "పోయిన వారం నేను చేసినదాంట్లో నీకు ఇబ్బంది కలిగించింది ఏంటి?" అని. మొదట ఏం లేదంటారు. కాసేపు ఊరుకోండి. వాళ్లు చెప్పింది విన్నాక సంజాయిషీ ఇవ్వకండి. ఒక్క సంజాయిషీ ఇచ్చారో, రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

ఆ హిందీ టీచరు సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. పిల్లలందరి ముందు అన్న మాటకు ఆఫీసు రూమ్‌లో తలుపు వేసి సారీ చెబితే సరిపోదు. ఎక్కడ అన్నారో అక్కడే, ప్రార్థన దగ్గరే చెప్పాలి. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన ఏడాది, 2014 అక్టోబరులో, మహిళా ఇంజినీర్లు నిండిన సభలో నోరు జారాడు. ఆడవాళ్లు జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్ముకుంటే మంచిదన్నట్టు మాట్లాడాడు. దుమారం లేచింది. అదే రోజు ఉద్యోగులందరికీ మెయిల్ రాశాడు, ఆ ప్రశ్నకు తాను పూర్తిగా తప్పుడు జవాబిచ్చానని, జీతం పెంచాలనిపిస్తే నోరు తెరిచి అడగాల్సిందేనని. నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారు, నా ఉద్దేశం అది కాదు వంటి మాటలతో చుట్టబెట్టలేదు. మీరూ అంతే: "మొన్న మేడమ్‌ని అందరి ముందూ అలా అని ఉండాల్సింది కాదు. తప్పు నాది." రెండు వాక్యాలు. పిల్లలు మీ వైపు నోరెళ్లబెట్టి చూస్తారు. హెచ్ఎం సారీ చెప్పడం వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

ఇక్కడ ఒక మాట, ఆడవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు గురించి. పాత హెచ్ఎం గారు గేటు దగ్గర అరిస్తే అది డిసిప్లిన్. అదే అరుపు మీరు అరిస్తే "ఇంట్లో ఏం గొడవో" అంటారు. మెల్లగా మాట్లాడితే "ఈవిడ వల్ల కాదు" అంటారు. "గట్టిగా ఉండండి" అని మీకు సలహా ఇస్తున్నవాళ్లకు ఈ ఆట తెలియక కాదు. కాబట్టి గొంతు ఎంత పెంచాలన్న ప్రశ్న మీద టైమ్ పెట్టకండి, అందులో మీరు గెలిచే మార్గం లేదు. గొంతు ఉన్నచోటే ఉండనివ్వండి.

మెత్తగా మాట్లాడుతూ కదలకుండా నిలబడటం కుదరదంటారా? ఎస్.ఆర్. శంకరన్ గారిని గుర్తుచేసుకోండి. తమిళనాడులో పుట్టి మన కేడర్‌లో ఐఏఎస్‌గా పనిచేసిన మనిషి. గొంతు పెంచని మనిషిగానే ఆయనను ఎరిగినవాళ్లు చెప్పుకుంటారు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక అది కాగితం మీదే ఉండిపోకుండా ఊళ్లలో అమలు చేయించడానికి తిరిగారు. పలుకుబడి ఉన్నవాళ్లకు అది రుచించలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు. త్రిపురకు ప్రధాన కార్యదర్శిగా వెళ్లారు, తిరిగొచ్చి ఇక్కడ సాంఘిక సంక్షేమం చూశారు. పేద దళిత పిల్లల కోసం వచ్చిన గురుకులాల వెనక ఆయన కృషి ఉంది. పెళ్లి చేసుకోలేదు, జీతంలో పెద్ద భాగం పేద పిల్లల చదువులకే పోయేది. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో పోయారు. తాను ఎవరి కోసం ఆ కుర్చీలో కూర్చున్నాడో ఆయనకు స్పష్టంగా తెలుసు. అది తెలిసినవాడికి ఎక్కడ సర్దుకోవచ్చో, ఎక్కడ సర్దుకోకూడదో వేరే చెప్పక్కర్లేదు. అందరం శంకరన్‌లం కాలేం, అవ్వాలని కూడా నేననడం లేదు. గొంతుకూ పట్టుదలకూ సంబంధం లేదని చూపించడానికే ఆయన పేరు ఎత్తాను.

ఆ మాటకొస్తే మీ ఉత్తరంలోనే దానికి సాక్ష్యం ఉంది. డిపో మేనేజర్ గదిలో సాయంత్రం దాకా కూర్చున్నది ఎవరు? అక్కడ అరిచారా? అరిచి ఉంటే ఆ సంగతి రాసేవారు. కూర్చున్నారు, అడిగారు, మళ్లీ అడిగారు, పని అయ్యేదాకా లేవలేదు. ఆయన మీ ఇరవై ఏళ్ల స్నేహితుడు కాదు, మీకంటే పెద్ద హోదా, ఊరు కాని ఊరు. అయినా 'సరేలే' అనలేదు. ఆ రోజు మీకు భయం వేయలేదని నేననుకోను. భయం కంటే ఆ పిల్లల బస్సు ముఖ్యమైంది, అంతే. అప్పుడు ఉన్నదీ మీరే. నాటకం కాదు కదా?

"నాకంత పెద్ద ధ్యేయాలేమీ లేవు" అని రాస్తూనే, వెంటనే అక్కను ఏడో తరగతితో మాన్పించిన సంగతి రాశారు. ఫారంలో రాసిన సర్వతోముఖాభివృద్ధి ఏ టీచరైనా రాసేదే, కాపీ కొట్టినా ఎవరికీ తెలియదు. అక్క మాట మీరు మాత్రమే రాయగలరు. ఒక అక్క బడి మానింది, దూరమని. చెల్లెలు టీచరైంది. ఆ చెల్లెలు ఎవరూ చెప్పకుండానే, ఏ సర్క్యులరూ లేకుండానే, ఆడపిల్లల బస్సు కోసం డిపో మెట్లెక్కింది. మీ ధ్యేయం మీరు వెతుక్కోవాల్సిన పని లేదు, ఎప్పటి నుంచో దాని మీదే నడుస్తున్నారు. 'ఈ బడికి వచ్చిన ఆడపిల్ల టెన్త్ పాసవ్వకుండా బడి మానకూడదు.' కావాలంటే మీ మాటల్లో ఇంకా బాగా రాసుకోండి. గోడకు తగిలించొద్దు, ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇలాంటి వాక్యం వల్ల లాభం ఏమిటంటే, రోజూ మీ టేబుల్ మీదికి వచ్చే నలభై పనుల్లో దేన్ని ముందు పట్టుకోవాలో అది చెబుతుంది. మండలం నుంచి అర్జెంటుగా రిపోర్టు అడిగారు, అది మధ్యాహ్నం వెళ్లినా ఆకాశం ఊడిపడదు. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల వారం నుంచి రావడం లేదు, దానికి ఈ రోజే ఫోన్ చేయాలి, తీయకపోతే రేపు తండాకు వెళ్లాలి. ఆడపిల్లల టాయిలెట్‌లో నీళ్లు రావడం లేదు, ఆ మోటారు రిపేరు పాఠశాల గ్రాంటులో అన్నిటికంటే ముందు.

ఇప్పుడు మళ్లీ వేపచెట్టు కిందికి రండి. ఆ సార్ ఫోన్‌లో ఉన్న ఇరవై నిమిషాలను మీరు ఇంతకాలం 'స్టాఫ్ డిసిప్లిన్' ఖాతాలో వేశారు. డిసిప్లిన్ మీకు పట్టదు, అది పాత హెచ్ఎం గారి సరదా. అందుకే మీ నోరు లేవలేదు. ఒకసారి మీ ఖాతాలో వేసి చూడండి. మీ తండాల నుంచి వచ్చే పిల్ల ఫిజికల్ సైన్స్‌లో ఫెయిలైతే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. అబ్బాయైతే సప్లిమెంటరీ కట్టిస్తారు. అమ్మాయైతే "ఇక చాల్లే" అంటారు, ఆ వేసవిలోనే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఇంకొకటి, ఆయన క్లాసుకు మీరు వెళ్లి చెబుతున్నది లెక్కలు. ఆ పిల్లలకు లెక్కలు ఇప్పటికే వచ్చు, సైన్స్ సిలబస్ ఉన్నచోటే ఉంది. మీరు వెళ్లడం వల్ల గోల ఆగుతోంది, నష్టం ఆగడం లేదు. పైగా క్లాసు గోలగా ఉంటే ఆయనకే ఎప్పుడో ఇబ్బందయ్యేది. మీరు దాన్ని సర్దేసి ఆయనకు నీడ పట్టారు. మీ మంచితనానికి ఆ చివరి బెంచీ పిల్లలు కడుతున్నారు, మీరు కాదు.

మాట్లాడాలి. ఎలాగంటే, కారులో వద్దు. కారులో ఇంకెవరైనా ఉంటే, దిగాక అది స్టాఫ్‌రూమ్ కథ అవుతుంది. స్టాఫ్‌రూమ్‌లోనూ వద్దు. లంచ్ అయ్యాక ఆయన్ని ఆఫీసు రూమ్‌కి రమ్మని కబురు పెట్టకుండా, మీరే వెళ్లి "సార్, ఒక పది నిమిషాలు" అని పిలుచుకురండి. టీలు తెప్పించకండి, పిల్లల చదువుల కబుర్లతో మొదలుపెట్టకండి. అవి మొదలైతే అసలు మాట ఇక రాదు. కూర్చోగానే చెప్పండి:

"సార్, ఫస్ట్ పీరియడ్ టెన్త్‌కి మీరు ఇరవై నిమిషాలు లేటుగా వెళ్తున్నారు. ఆ టైములో నేను వెళ్లి కూర్చుంటున్నాను. సోమవారం నుంచి నేను వెళ్లను. పొద్దున మీకేదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి, టైంటేబుల్ మారుస్తాను. మార్చాక మాత్రం మీరు క్లాసులో ఉండాలి."

అక్కడ ఆపేయండి. మీకు వెంటనే "ఏమనుకోకండి సార్, మీకు తెలియంది కాదు, నాకూ పైనుంచి ఒత్తిడి" అని ఇంకో మూడు వాక్యాలు అనాలనిపిస్తుంది. అవి అనకండి. అంటే ముందు చెప్పినదంతా చెరిగిపోతుంది. పైనుంచి ఒత్తిడి అన్న మాట అసలే వద్దు. ఒత్తిడి పైనుంచి కాదు, మీ లోపలి నుంచి. ఆ మాట మీ నోటితో చెప్పగలిగితే చెప్పండి: "మా అక్క చదువు ఇలాగే ఆగిపోయింది సార్. ఈ బడిలో ఇంకో పిల్లది ఆగనివ్వను." చెప్పాలనిపించకపోతే మానేయండి, బలవంతంగా చెబితే అదీ వేషమే.

ఆయన ఏమంటారో నేను ఊహించగలను. మొదట నవ్వుతారు. తర్వాత "నువ్వు కూడా హెచ్ఎం వేషాలు వేస్తున్నావా" అంటారు. లేదా నిజంగానే ఏదో కారణం ఉండొచ్చు, ప్లాట్ల వెనక అప్పులు ఉండొచ్చు. కారణం ఉంటే వినండి, ఆయనకు ఫస్ట్ పీరియడ్ తీసేసి మూడో పీరియడ్ ఇవ్వండి. అది మీ చేతిలో పని. కోపం వస్తే రానివ్వండి. మెమో ఇస్తాననీ, ఎంఈఓకి రాస్తాననీ ఆ రోజు అనకండి. చేయడానికి సిద్ధంగా లేని పని పేరు ఎత్తితే మీ మాటకు విలువ పోతుంది. రెండు వారాలు చూశాక కూడా మారకపోతే అప్పుడు రాతలో పెట్టండి, ముందు ఆయనకే చెప్పి పెట్టండి.

సోమవారం ఆయన రాకపోతే? క్లాసు గోల వినిపిస్తుంది. మీకు చేతులు పీకుతాయి. మీరు ఆ క్లాసుకు కాక చెట్టు దగ్గరికి నడవండి. ఏమీ అనక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు, ఫోన్ దానంతటదే ఆగుతుంది.

స్నేహం సంగతి ఏంటంటారా? దెబ్బ తింటుంది. ఇందులో మిమ్మల్ని మభ్యపెట్టను. కొన్నాళ్లు కారులో మౌనం ఉంటుంది, మధ్యాహ్నం డబ్బాల్లో కూరలు పంచుకోవడం ఆగిపోవచ్చు, "కుర్చీ వచ్చాక మారిపోయింది" అన్న మాట మీ చెవిన పడుతుంది. ఇరవై ఏళ్ల స్నేహం ఒక్క నిజం మాటకు తట్టుకుంటుందో లేదో అప్పుడు తెలుస్తుంది. చాలావరకు తట్టుకుంటాయి, కాస్త టైమ్ పడుతుంది. కొన్నాళ్లు బస్సులో వెళ్లడం మంచిదేమో కూడా ఆలోచించండి. అలగడానికి కాదు. పొద్దున గంటసేపు ఆయన పక్కన కూర్చుని వచ్చి, దిగగానే ఆయనను అడగడం ఎవరికైనా కష్టం.

ఎఫ్ఏసీ వదిలేయాలా అని అడిగారు. ఇప్పుడు వద్దు. టెన్త్ పరీక్షలు అయ్యేదాకా చేయండి. ఆ తర్వాత, ఈ పని మీకు సరిపడదని మీకే తేలితే, వేసవి సెలవులకు ముందు లెటర్ పెట్టి మళ్లీ లెక్కల టీచరుగా వెళ్లిపోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. మంచి లెక్కల టీచరు దొరకడం హెచ్ఎం దొరకడం కంటే కష్టం. కానీ ఆ నిర్ణయం ఒక మాట చెప్పలేక తీసుకున్నది కాకూడదు, చెప్పి చూశాక తీసుకున్నది కావాలి. ఈలోగా సీనియారిటీలో తర్వాతి పేరు తనదేనన్న సంగతి ఆయన దగ్గర మీరు ఎత్తకండి. అది ఆయనకు మీకంటే ముందే తెలుసు.